మందులకు లొంగని సూక్ష్మజీవులు: ఆసుపత్రులందు వానిని సత్వరముగా గుర్తించు పద్ధతులు

ఆసుపత్రికి పోయి రోగము తెచ్చుకొనుట యనుమాట వినువారికి వింతగా తోచవచ్చును. కాని వైద్యశాస్త్రమున దీనికి ప్రత్యేకమైన పేరును, నిర్వచనమును గలవు. రోగి చేరిన 48 గంటల పిమ్మట, చేరునప్పుడు లేని సూక్ష్మజీవి వ్యాధి యేదైన పొడసూపినచో, దానిని ఆసుపత్రిలో సంక్రమించిన వ్యాధిగా లెక్కింతురు. మూత్రమునకై అమర్చిన గొట్టము, రక్తనాళమున ఉంచిన సూది, ఊపిరికై గొంతులో దింపిన గొట్టము, శస్త్రచికిత్స చేసిన గాయము - ఈ నాలుగును సూక్ష్మజీవులు దేహమున చొరబడుటకు ముఖ్యద్వారములు. వీనిలో ఏదియు లేక నేటి వైద్యము సాగదు. కావున ఈ ద్వారములను పూర్తిగా మూయుట ఎవ్వరి తరమును గాదు. చొరబడిన జీవి యేదో, అది యే మందునకు లొంగునో యెంత త్వరగా తెలిసికొనగలము అనునదియే ప్రశ్న. రక్తములో చేరిన సూక్ష్మజీవుల విషయమున ఈ ప్రశ్నకు సమాధానము దినములలో వచ్చుటకును, గంటలలో వచ్చుటకును నడుమనున్న అంతరము పెక్కుసారులు ప్రాణమంత విలువ గలది.

ముందుగా ఒక మాటను సరిచూచుకొనవలయును. మన ఇండ్లలో జ్వరము తగ్గనప్పుడు "మందు పడలేదు" అందురు. లేదా "ఒంటికి మందు అలవాటైపోయినది" అందురు. మొదటిమాట కొంతవరకు సరియే. రెండవమాట మాత్రము ఈ విషయమున పొరపాటు. ఆంటిబయాటిక్ మందులకు అలవాటు పడునది రోగి దేహము కాదు, రోగము కలిగించు జీవి. ఆ జీవి రేపు ప్రక్క మంచముమీది మనిషిని చేరినచో, అతడు తన జన్మలో ఒక్క ఆంటిబయాటిక్ మాత్రయైనను మ్రింగి యుండకపోయినను, అతనికిని ఆ మందు పనిచేయదు. ఈ భేదము తెలియనందుననే "నేను మందులు వాడనివాడను, నాకేమి భయము" అని పలుకువారు కనబడుచున్నారు. కొందరు రచయితలు ఈ లక్షణమును "నిరోధకశక్తి" అని తెనిగించుచున్నారు. ఆ మాట మనుష్యుని దేహమునకు రోగముల నెదిరించుటకు గల శక్తికి చిరకాలముగా రూఢియై యున్నది గావున, ఇచట దానిని విడిచి, "మందునకు లొంగకపోవుట" అనియే వ్రాయుచున్నాను.

లొంగకపోవుట క్రొత్త సంగతి కాదు. పెన్సిలిన్‌తో మొదటి రోగికి ఆక్స్‌ఫర్డులో చికిత్స ప్రారంభమైనది 1941 ఫిబ్రవరిలో. అంతకుముందే, 1940లో, అబ్రహాం, చెయిన్ అను శాస్త్రజ్ఞులు పెన్సిలిన్‌ను విరుగగొట్టు ఎంజైము ఒకటి సూక్ష్మజీవులలో నున్నదని ప్రకటించిరి. అనగా ఆయుధము యుద్ధభూమికి రాకమునుపే శత్రువు చేతిలో డాలు ఉన్నట్లు తెలిసినది. 1945లో నోబెల్ బహుమానమును స్వీకరించునప్పుడు చేసిన ఉపన్యాసమున ఫ్లెమింగు, చాలీచాలని మోతాదులలో మందు వాడినచో దానికి లొంగని జీవులు పుట్టుకవచ్చునని హెచ్చరించెను. 1959లో, పెన్సిలిన్‌ను విరుచు ఎంజైమునకు చిక్కని మెథిసిలిన్ అను మందు వచ్చినది. 1961లోనే ఇంగ్లండులో ప్యాట్రీషియా జెవన్స్ దానికి లొంగని స్టెఫిలోకాకస్ జీవులను చూపెను. నేడు ఎం.ఆర్.ఎస్.ఏ. యను పొట్టిపేరుతో ప్రపంచమందలి ఆసుపత్రులన్నిటను పేరుమోసినవి ఇవియే.

ఈ చరిత్రలో తెలుగువారికి గర్వకారణమగు ఘట్టమొకటి కలదు. భీమవరమున 1895లో జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అమెరికాలో లెడర్లె సంస్థ పరిశోధనలకు అధిపతియైన యల్లాప్రగడ సుబ్బారావుగారి కాలముననే ఆ సంస్థలో బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్‌ను కనుగొనెను. టెట్రాసైక్లిను కుటుంబమున అది తొలి మందు. 1948లో దానిని లోకమునకు ప్రకటించిరి. సుబ్బారావుగారు ఆ సంవత్సరముననే కీర్తిశేషులైరి. తరువాత పదియేండ్లలోపుననే జపానులో విరేచనములు కలిగించు షిగెల్లా జీవులలో టెట్రాసైక్లిన్‌తోపాటు మరి మూడు మందులకును ఒక్కసారిగా లొంగనివి కనబడినవి. ఆ గుణము ఒక జీవినుండి మరియొక జీవికి, జాతిభేదము లేక, నేరుగా సంక్రమించునని అక్కడి శాస్త్రజ్ఞులు 1959 ప్రాంతమున తేల్చిరి. తండ్రినుండి కొడుకునకు వచ్చు ఆస్తివలెగాక, పొరుగువాడు పొరుగువానికి ఇచ్చు చేబదులువలె ఈ జన్యువులు చేతులు మారుచుండును. ఆసుపత్రులలో ఈ వ్యాధుల వ్యాప్తికి మూలమంతయు ఇందున్నది.

ఇక జీవులు మందును ఎట్లు తప్పించుకొనునో చెప్పవలయును. ఏలయన గుర్తించు పద్ధతులన్నియు ఈ మార్గములనే ఆనుకొని యున్నవి. మందును విరిచివేయు ఎంజైమును తయారుచేయుట ఒక మార్గము. మందు తగులుకొనవలసిన లక్ష్యమునే మార్చివేయుట మరియొకటి: మెథిసిలిన్‌కు లొంగని స్టెఫిలోకాకస్ చేయు పని యిదియే. దాని మెక్-ఏ అను జన్యువు వేరొక మాంసకృత్తును పుట్టించును. పెన్సిలిన్ జాతి మందులు దానిని పట్టుకొనజాలవు. లోనికి వచ్చిన మందును బయటికి తోడిపోయుటయు, మందు వచ్చు రంధ్రములను మూసివేయుటయు మిగిలినవి.

నేడు మన దేశపు ఆసుపత్రులను మిక్కిలి బాధించునవి మొదటి మార్గమువారే. కార్బపెనెమ్‌లు అను మందులను వైద్యులు చాలకాలము తుది ఆయుధములుగా దాచుకొనిరి. వానిని విరుచు ఎంజైములలో ఎన్.డి.ఎం. అనునది ప్రసిద్ధము. భారతదేశమున చికిత్స పొంది స్వీడనుకు మరలిన రోగి మూత్రమునందు 2008లో దొరకిన క్లెబ్సియెల్లా జీవిలో దానిని మొదట గుర్తించి, 2009లో ప్రకటించిరి. న్యూఢిల్లీ పేరు దానికి పెట్టుటపై మన దేశమున పెద్ద దుమారము చెలరేగెను. ఆ కోపములో సగము న్యాయమైనదే. జీవికి ఊరి పేరు పెట్టుట ఊరివారికి అపకారము. కాని పేరుపై జరిగినంత చర్చ మురుగుకాలువలపై జరుగలేదు. 2010లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు చెందిన కుమారస్వామి కార్తికేయన్ ప్రథమ రచయితగా వెలువడిన పత్రమున చెన్నైనుండి 44, హర్యానానుండి 26, బ్రిటనునుండి 37, భారత పాకిస్తానములందలి ఇతర స్థలములనుండి 73 జీవులలో ఈ ఎంజైము ఉన్నట్లు చూపిరి. మరుసటియేట ఢిల్లీలో నిలువనీటి నమూనాలు 171 పరీక్షింపగా 51 యందును, కొళాయినీటి నమూనాలు 50 పరీక్షింపగా 2 యందును దీని జన్యువు కనబడినది. ఇక తెలుగుదేశపు సంగతి: హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువులో మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని స్వీడను శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. కొన్ని సూక్ష్మజీవులను చంపుటకు చాలు మోతాదునకు అది వేయిరెట్లకు పైమాట. అట్టి నీటిలో బ్రదుకగలిగిన జీవి ఎట్టిదగునో ఊహింపవచ్చును.

ఇప్పుడు ప్రయోగశాలకు వత్తము. రోగికి చలిజ్వరము వచ్చి, రక్తపుపోటు పడిపోవుచున్నది. రక్తమున సూక్ష్మజీవులు చేరినవని వైద్యుని అనుమానము. రక్తమును తీసి, పోషకద్రవము నిండిన సీసాలలో పోయుదురు. పెద్దలకైనచో సీసా ఒక్కింటికి 8 మొదలు 10 మిల్లీలీటర్లు కావలయును, రెండు జతల సీసాలైనను ఉండవలయును. ఈ కొలతలో పిసినారితనము పనికిరాదు. పెద్దవారి రక్తములో ఒక మిల్లీలీటరునకు పలుమార్లు పది జీవులైనను ఉండవు. ఒకటి రెండు మాత్రమే ఉండుటయు కద్దు. రెండు మిల్లీలీటర్లు తీసి "ఏమియు పెరుగలేదు" అని వ్రాసిన నివేదిక రోగికి చేయు కీడు ఇంతింత కాదు. నా మట్టుకు, ఖరీదైన యంత్రములను గూర్చి మాటలాడుటకు ముందు, రక్తము తీయుటకు పూర్వము ఆంటిబయాటిక్ ఇచ్చితిరా, ఎంత రక్తము తీసితిరి అను రెండు ప్రశ్నలు వేయుట మేలని తోచుచున్నది.

సీసాలను యంత్రమున 35 డిగ్రీల వేడియందు ఉంచుదురు. జీవులు పెరిగి బొగ్గుపులుసు వాయువును విడుచును. దానిని యంత్రము కనిపెట్టి సంకేత మిచ్చును. దీనికి సామాన్యముగా 12 మొదలు 24 గంటలు, కొన్నింటికి అంతకు మించియు పట్టును. అప్పుడు ఆ ద్రవపు చుక్కను గాజుపలకపై పూసి, 1884లో డెన్మార్కు వైద్యుడు గ్రామ్ కనిపెట్టిన రంగుల పద్ధతిచే చూతురు. గుండ్రనిదా, కడ్డీవంటిదా, ఊదారంగు పట్టినదా, ఎఱ్ఱరంగు పట్టినదా అనునది కొలది నిమిషములలో తెలియును. నూట నలువది యేండ్లు దాటినను, ఇంత చవుకగా ఇంత త్వరగా ఇంత చెప్పగల పరీక్ష మరియొకటి రాలేదు. తరువాత ఆ ద్రవమును అగార్ పళ్ళెములపై గీచి రాత్రి యంతయు పెంతురు. మరునాడు కనబడిన గుంపులనుండి జీవి జాతిని తేల్తురు. మరల దానిని ఉప్పునీటిలో కలిపి, నిర్ణీతమైన మసక వచ్చునట్లు చేసి, ముల్లర్-హింటన్ అగార్ పళ్ళెముపై సమముగా పూసి, మందు పీల్చిన కాగితపు బిళ్ళలను దానిపై ఉంతురు. బిళ్ళచుట్టును మందు వ్యాపించినంతమేర జీవి పెరుగక తేటయైన వలయము ఏర్పడును. 16 మొదలు 18 గంటల పిమ్మట ఆ వలయపు వ్యాసమును మిల్లీమీటర్లలో కొలిచి, పట్టికతో పోల్చి, లొంగునో లొంగదో చెప్పుదురు. ఈ పద్ధతిని 1966లో బావర్, కిర్బీ మున్నగువారు ప్రమాణీకరించిరి. నేటికిని జిల్లా ఆసుపత్రులలో దిక్కు ఇదియే. అన్నియు కలిపిన, రక్తము తీసినది మొదలు 48 గంటలనుండి 72 గంటలు.

ఈ మూడుదినములు వైద్యుడు ఏమి చేయవలెను? ఊహించి మందు ఇచ్చును. ఊహ తప్పినచో రోగికి చికిత్స జరుగుచున్నట్లే కనబడును గాని, నిజమునకు జరుగదు. 2006లో ఆనంద్ కుమార్ మున్నగువారు కెనడా, అమెరికాలలో సూక్ష్మజీవి వ్యాధిచే రక్తపుపోటు పడిపోయిన 2,731 మంది రోగుల వివరములను పరిశీలించిరి. తగిన మందు పడుట మొదటి ఆరుగంటలలో ఆలస్యమైన కొలది, గంట గంటకు బ్రదుకువారి సంఖ్య నూటికి సుమారు 7.6 చొప్పున తగ్గుచు వచ్చినదని తేలినది. ఊహ తప్పునేమో యను భయముచే వైద్యుడు మిక్కిలి బలమైన మందును ముందే ప్రయోగించుటయు సహజమే. అప్పుడు వేరొక చిక్కు: కార్బపెనెమ్‌లు విరివిగా వాడినకొలది వానికి లొంగని జీవులు మిగులును. అటుపిమ్మట కొలిస్టిన్ వంటి మందులే గతి. మూత్రపిండములను చెఱచునని 1970ల ప్రాంతమున ప్రక్కకు నెట్టిన ఆ పాత మందునే నేడు మరల బయటికి తీయవలసి వచ్చినది. త్వరిత పరీక్ష కావలసినది ఒక్క రోగికే కాదు, మందుల ప్రాణము నిలుపుటకు గూడను.

త్వరిత పద్ధతులలో రంగుమార్పు పరీక్షలు నాకు మిక్కిలి యిష్టమైనవి. వానిలో యుక్తి సరళము: మందును జీవికి తినిపించి, అది విరిచినదా లేదా యని చూచుట. పెన్సిలిన్ జాతి మందులలో నాలుగుకోణముల వలయ మొకటి కలదు; అది తెగినచో మందు నిర్వీర్యము. 1972లో గ్లాక్సో శాస్త్రజ్ఞులు వివరించిన నైట్రోసెఫిన్ అను పదార్థము ఆ వలయము తెగగానే పసుపునుండి ఎఱుపునకు మారును. కార్బపెనెమ్‌లను విరుచు జీవులకై 2012లో ఫ్రాన్సున నోర్డ్‌మన్, పోయిరెల్, డోర్టె అనువారు వేరొక పరీక్షను రచించిరి. జీవులను పగులగొట్టి, ఇమిపెనెమ్‌ను, ఫినాల్ రెడ్ అను సూచకమును కలిపి 37 డిగ్రీలయందు ఉంతురు. ఎంజైము ఇమిపెనెమ్‌ను విరిచినచో ఆమ్లము పుట్టి ద్రవము ఎఱుపునుండి పసుపునకు తిరుగును. పట్టు కాలము రెండు గంటలలోపు. ఎన్.డి.ఎం. వంటి ఎంజైములు యశదము లేనిదే పనిచేయవు గావున యశదపు లవణమును గూడ కొంచెము కలుపుదురు. లోపమేమనగా, ఓ.ఎక్స్.ఏ.-48 అను ఎంజైము మందును మెల్లగా విరుచును; దాని విషయమున రంగు స్పష్టముగా మారక కన్ను మోసపోవచ్చును. మన దేశమున ఎన్.డి.ఎం. తరువాత ఎక్కువగా కనబడునవి ఆ కుటుంబపువే గావున, ఈ లోపమును చిన్నదిగా చూడరాదు.

చేతిలో ఇమిడెడు పట్టీపరీక్షలు ఈ లోపమును పూరించుచున్నవి. గర్భపరీక్షకు వాడు పట్టీని చూచినవారికి దీని తీరు వివరింప నక్కరలేదు. జీవులను ద్రవమున కరగించి నాలుగుచుక్కలు వేయగా, కె.పి.సి., ఎన్.డి.ఎం., వి.ఐ.ఎం., ఐ.ఎం.పి., ఓ.ఎక్స్.ఏ.-48 అను ఐదు ఎంజైములలో ఏది యున్నదో ఆ గీత 15 నిమిషములలో తేలును. పేరు తెలిసిన నేమి లాభమని అడుగవచ్చును. లాభము గొప్పదే. సెఫ్టజిడిమ్-అవిబాక్టమ్ అను క్రొత్త మందు కె.పి.సి.కిని, ఓ.ఎక్స్.ఏ.-48కిని విరుగుడు, ఎన్.డి.ఎం. ముందు అది నిరుపయోగము. ఎన్.డి.ఎం. అజ్‌ట్రియోనమ్‌ను విరువజాలదు గాని, దానితో కూడియుండు ఇతర ఎంజైములు విరుచును. ఆ ఇతరములను అవిబాక్టమ్ అడ్డును. కనుక అజ్‌ట్రియోనమ్‌ను, అవిబాక్టమ్‌ను జోడించినచో మార్గము దొరకును. ఒక్క గీత ఎక్కడ తేలినదో దానినిబట్టి మందు మారిపోవుచున్నదన్నమాట.

జన్యువునే వెదకు పద్ధతి పి.సి.ఆర్. దీనిని 1983లో కేరీ మల్లిస్ ఊహించెను. వేడిచే డి.ఎన్.ఏ. జంటపోగులను విడదీసి, చల్లార్చి, మనకు కావలసిన భాగమునకు మాత్రము నకలు తీయించుట, మరల వేడిచేయుట - ఇట్లు ముప్పది ఆవృత్తులు జరిగినచో, లెక్కకు ఒక్క ప్రతి నూరుకోట్లకు మించును. మూసిన పెట్టెలో అన్నియు తానే చేసికొను యంత్రములు వచ్చిన పిమ్మట, ఎం.ఆర్.ఎస్.ఏ. జన్యువును సుమారు ఒక గంటలో చూపగలుగుచున్నారు. క్షయజీవి రిఫాంపిసిన్‌కు లొంగునో లేదో రెండుగంటలలోపు తేల్చు ఇట్టి యంత్రమును ప్రపంచ ఆరోగ్యసంస్థ 2010 డిసెంబరులో ఆమోదించెను. గోవాలో తయారగు ట్రూనాట్ అను యంత్రము బ్యాటరీతో పనిచేయును. దానికిని 2020లో ఆ సంస్థ ఆమోదము లభించెను.

అయితే జన్యుపరీక్షను చూచి మురిసిపోవువారు ఒక సంగతి గుర్తుంచుకొనవలయును. అది తాను వెదకిన జన్యువును మాత్రమే చూడగలదు. 2011లో ఇంగ్లండున ఆవుపాలలోను, మనుష్యులలోను దొరకిన కొన్ని స్టెఫిలోకాకస్ జీవులు మెథిసిలిన్‌కు లొంగనివయ్యును మెక్-ఏ పరీక్షకు చిక్కలేదు. చూడగా వానిలో మెక్-సి అను దాయాది జన్యువు ఉన్నది. బిళ్ళపద్ధతిలో అవి లొంగనట్లే కనబడినవి, యంత్రమే మోసపోయినది. ఇక రంధ్రములు మూసికొని మందును తప్పించుకొను జీవికి వెదకుటకు ఒక్క ప్రత్యేక జన్యువు దొరకుటయు కష్టము. కావున "జన్యువు ఉన్నది" అను ఫలితము నమ్మదగినది; "జన్యువు లేదు" అను ఫలితము "మందు పనిచేయును" అనుటతో సమానము కాదు.

జీవిని గుర్తించుటలో మరియొక మార్పు మాల్డి-టాఫ్ అను ద్రవ్యరాశి కొలతయంత్రమువలన కలిగినది. జీవుల గుంపును లోహపుపలకపై పూసి లేసరు కిరణముతో కొట్టగా మాంసకృత్తులు ఎగిరి, తేలికవి ముందును, బరువువి వెనుకను గమ్యము చేరును. ఆ బరువుల వరుస జాతిజాతికి వేలిముద్రవలె వేరు. వెనుక ఒకదినము పట్టిన గుర్తింపు ఇప్పుడు కొలది నిమిషముల పని. మాంసకృత్తుల బరువు కొలచుటకు లేసరును వినియోగించిన జపాను ఇంజనీరు కొయిచి తనాకాకు 2002లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానమున భాగము లభించినది. యంత్రము వెల మిక్కిలి యెక్కువ. ఒక్కొక్క పరీక్షకగు ఖర్చు మాత్రము స్వల్పము. పెద్ద ఆసుపత్రికి లాభసాటి, చిన్నదానికి గుదిబండ.

ఇంతకును నా దృష్టిలో మన ప్రాంతములకు మిక్కిలి ఉపకరించునది క్రొత్త యంత్రమేదియు కాదు, పాత బిళ్ళపద్ధతికి వచ్చిన క్రొత్త గడియారము. ఐరోపా ప్రమాణసంఘము 2018లో ప్రకటించిన ఈ విధానమున, సంకేత మిచ్చిన రక్తపుసీసాలోని ద్రవమునే సుమారు 125 మైక్రోలీటర్లు నేరుగా పళ్ళెముపై పూసి, బిళ్ళ లుంచి, 4, 6, 8 గంటలకు వలయములను కొలుతురు. రాత్రి యంతయు వేచియుండుట ఏల తప్పినది? సీసా సంకేత మిచ్చునప్పటికే అందు మిల్లీలీటరునకు కోట్లకొలది జీవులు పెరిగియుండును. ఇరువది నిమిషముల కొకసారి రెట్టింపగు కడ్డీజీవులు నాలుగుగంటలలో పళ్ళెముపై పలుచని పొర కట్టుటకు అవి చాలును. కాని షరతులు గలవు. నాలుగుగంటల వలయమును పదునెనిమిది గంటల పట్టికతో పోల్చరాదు. కాలమునకు, జాతికి వేర్వేరు పట్టికలు గలవు. జాతి తెలియనిదే చదువరాదు. సందేహపు హద్దులో పడిన వలయమును అంతటితో తేల్చక మరల రెండుగంటల పిమ్మట చూడవలెను. దీనికి కావలసినది పళ్ళెము, బిళ్ళలు, కొలబద్ద, ఆ గంటకు మెలకువగానుండు మనిషి. ఈ నాలుగింటిలో కడపటిదే దుర్లభము. బిళ్ళలను చల్లనిపెట్టెలో తేమ తగులకుండ దాచుటయు, గుణము తెలిసిన ప్రమాణజీవులతో వానిని తరచు సరిచూచుటయు చేయనిచోట, ఫలితము నాలుగుగంటలకు వచ్చినను నలువది గంటలకు వచ్చినను ఒక్కటే.

సీసాను గూడ విడిచి నేరుగా రోగి నమూనానుండియే తేల్చు యత్నములును ఫలించుచున్నవి. సూక్ష్మజీవి వ్యాధులకు త్వరిత పరీక్షను కనిపెట్టినవారికై బ్రిటనులో 2014లో ప్రకటించిన లాంగిట్యూడ్ బహుమానము, 80 లక్షల పౌనులు, మూత్రవ్యాధులకు అట్టి పరీక్షను రచించిన స్వీడను సంస్థ యొకదానికి 2024 జూనులో దక్కినది. వారి పెట్టెలో జీవులను వెండ్రుకకంటె సన్నని కాలువలలో బంధించి, మందు ప్రవహింపజేసి, పెరుగుట ఆగినదా యని సూక్ష్మదర్శినిచే చూతురు. సూక్ష్మజీవులున్నవని 15 నిమిషములలోను, ఏ మందునకు లొంగునో 45 నిమిషములలోను తెలియును. మూత్రమున జీవులు కోకొల్లలు గనుక ఇది సాధ్యమైనది. రక్తమున కొలదిగా నుండుటచే అక్కడ ఇంకను సీసాయే శరణ్యము.

పరీక్ష త్వరగా జరిగినంతమాత్రమున రోగికి మేలు కలుగునా? అమెరికాలో మేయో వైద్యశాలవారు 2015లో ప్రకటించిన పరిశోధన ఈ ప్రశ్నకు చక్కగా ఉపకరించును. 617 మంది రోగులలో కొందరికి పాతపద్ధతి, కొందరికి త్వరిత జన్యుపరీక్ష, మరికొందరికి పరీక్షతోపాటు నిపుణుల సలహా ఏర్పాటుచేసిరి. జీవిని గుర్తించుకాలము 22.3 గంటలనుండి 1.3 గంటలకు దిగినది. అనవసరపు బలమైన మందులను మానుట సలహా గల వర్గమున మిక్కిలి త్వరగా జరిగినది. అయినను మరణములలోగాని, ఆసుపత్రిలో గడపిన దినములలోగాని, ఖర్చులోగాని భేదము కనబడలేదు. లొంగని జీవులు అరుదుగానుండి, తొలి ఊహ తరచు సరియగుచోట జరిగిన పరిశోధన యిది గావున, దీనిని మన ఆసుపత్రులకు అట్లే అన్వయించుట సరికాదని నా అభిప్రాయము. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రులలో అప్పుడే పుట్టిన శిశువులపై జరిగి 2016లో వెలువడిన పరిశోధనలో, రక్తమున దొరకిన జీవులలో నూటికి 22 అసినిటోబాక్టరు, 17 క్లెబ్సియెల్లా. ఆ అసినిటోబాక్టరులలో నూటికి 82 పలుమందులకు లొంగనివి. ఊహ ఇంతగా తప్పుచోట త్వరిత ఫలితము విలువ వేరుగానుండును. కాని అర్ధరాత్రి సిద్ధమైన ఫలితమును ఉదయము పదిగంటలకు ఎవరో విప్పి చూచునట్లైన, యంత్రము సంపాదించిన గంటలను కాగితము పోగొట్టును.

కాగితమును గూర్చి మరియొక మాట. రాష్ట్రపు ఎల్లలమీద బ్రదుకు తెలుగువారికి ఇది దగ్గరి సంగతి. చిత్తూరువారు వేలూరునకును, ఇచ్ఛాపురమువారు బరంపురమునకును, రాయదుర్గమువారు బళ్ళారికిని, యానామువారు కాకినాడకును రోగిని తీసికొనిపోవుట అనాదిగా ఉన్నదే. రోగితోపాటు జీవియు ఎల్ల దాటును. నివేదిక మాత్రము పెక్కుసారులు మొదటి ఆసుపత్రి బీరువాలోనే నిలిచిపోవును. క్రొత్తచోట వైద్యుడు మరల మొదటినుండి ఊహింపవలసివచ్చును, రోగిని వేరుగది నుంచవలెనని ఎవ్వరికిని తోచదు. అందుచే రోగిని మార్చునప్పుడు సారాంశపత్రముతోపాటు సూక్ష్మజీవి పరీక్ష నివేదికను అడిగి పుచ్చుకొనవలయును. అందు చూడవలసినవి: నమూనా రక్తమా, మూత్రమా, కఫమా, తీసిన తేదీ, గంట, జీవి పేరు, కార్బపెనెమ్‌ను విరుచు ఎంజైము పరీక్షించినచో దాని పేరు, ఒక్కొక్క మందునకు ఎదుట వ్రాసిన అక్షరము. ఎస్ అనగా లొంగును, ఆర్ అనగా లొంగదు. ఐ అను అక్షరముతో జాగ్రత్త కావలెను. అమెరికా పట్టికలలో అది నడిమితరగతి. ఐరోపా పట్టికలలో 2019నుండి దాని యర్థము, మోతాదు పెంచినచో లొంగును, అని. ఏ పట్టికను అనుసరించిరో నివేదిక యడుగున వ్రాసియుండును. వ్రాసియుండనిచో ప్రయోగశాలవారిని అడిగి వ్రాయించుకొనవచ్చును.